హైమావతి గారి మైళ్లు

ఒక తప్పును ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకుని తిరిగాను. బరువు అనే మాట చాలదు దానికి. బరువైతే ఎక్కడో ఒకచోట దింపి ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది కుళ్లింది. కుళ్లి, కోపమై, ఎవరి మీద పడితే వారి మీద బయటికొచ్చింది. నన్ను మంచివాడు అన్నవాళ్ల మీద ఎక్కువగా.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. వినండి, చాలు. జాలి పడకండి.

నేను నారాయణగూడలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసేవాణ్ణి. అంతకుముందు అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి సర్కారు ఉద్యోగానికి చదివాను. రాలేదు. ఊరికి వెళ్లే మొహం లేక ఆ ఆఫీసులో చేరాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇతరులను విమానం ఎక్కించడమే నా పని. కిటికీ పక్క సీటా, నడవ పక్క సీటా, శాకాహారమా, మాంసాహారమా. వాళ్లు వెళ్లి వచ్చేవారు. నేను మాత్రం విమానం లోపల ఎలా ఉంటుందో చూడలేదు. దీన్ని సాకుగా చెబుతున్నానా? అవును, కొంత సాకే. మిగతాదంతా చెప్పేదాకా దాన్ని అలాగే ఉండనివ్వండి.

హైమావతి గారు చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, మేడ మీద ఉండేవారు. వాళ్ల తాతల కాలంలో కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. పిల్లలకు వయొలిన్ నేర్పేవారు. ఏడాదికి ఒకటో రెండో సార్లు ఏదో ఒక నాట్య బృందం వెంట మస్కట్‌కో సింగపూర్‌కో వెళ్లి, వెనక కూర్చుని వాయించి వచ్చేవారు. టికెట్లు పిలిచినవాళ్లే కొనిచ్చేవారు, మా ఆఫీసు నుంచి. ఆమె కోరిక ఒక్కటే. వయొలిన్‌ను సామాన్లలో వెయ్యనివ్వొద్దు, తన దగ్గరే ఉండాలి. అందుకోసం విమాన సంస్థకు ఫోన్లు చేసి ఒప్పించేవాణ్ణి. తిరిగొచ్చేటప్పుడు నా కోసం ఖర్జూరాల పొట్లం తెచ్చేవారు. తమ్ముడూ అని పిలిచేవారు.

ఆమెకు ఒక చెల్లెలు, రమ. భర్త ఉద్యోగం వల్ల కలకత్తాలో ఉండేది. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఆమెకు ఈ లోకంలో సొంత మనిషంటే ఆ చెల్లెలే.

మొదటిసారి ఆ పని ఏ ఉద్దేశంతో చేశానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆమె పాస్‌పోర్టు కాపీ నా ముందు ఉంది. విమాన సంస్థలు తరచూ ఎక్కేవాళ్లకు మైళ్లు ఇస్తాయి, అవి కూడితే ఉచితంగా టికెట్ వస్తుంది. ఆమె పేరు మీద అలాంటి ఖాతా ఒకటి తెరిచాను. ఫారంలో మెయిల్, ఫోన్ నంబరు అడిగారు, రెండూ నావే ఇచ్చాను. ఆమెకు మెయిల్ చూడటం రాదు కదా అనుకున్నాను. అది నిజమే. కానీ ఫోన్ ఉంది కదా ఆమెకు. ఫోన్ గడిలో ఆమె నంబరు వెయ్యడానికి నా వేళ్లకు ఏం అడ్డొచ్చింది?

ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఖాతా ఎంచడంలో నేను పెట్టిన తెలివి. ఎప్పుడో ఒకసారి ఎగిరేవాళ్లకు ఏది పనికొస్తుందో నాకు బాగా తెలుసు. బంగారు కార్డు, వెండి కార్డు అని మెరిసేవి వాళ్లకు దండగ. ఆ మెట్టు ఎక్కేలోపు ఏడాది అయిపోతుంది, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని పథకాల్లో మైళ్లు గడువు దాటగానే మురిగిపోతాయి. అవీ వద్దు. ఒక్క ప్రయాణం చేసినా పాత మైళ్లన్నింటికీ గడువు పెరిగేది కావాలి. ఈసారి ఒక సంస్థ విమానం, వచ్చేసారి ఇంకొకటి ఎక్కినా అన్నీ ఒకే ఖాతాలో పడేలా వాటి మధ్య ఒప్పందం ఉండాలి. ఆ మైళ్లతో వేరేవాళ్లకు కూడా టికెట్ తియ్యగలగాలి. ఇవన్నీ చూసి ఎంచాను. ఆమె కోసం ఆమె తోడబుట్టినవాళ్లు కూడా అంత బాగా ఎంచి ఉండరు. నేను ఎంచింది ఆమె కోసం కాదు మరి.

వేరేవాళ్లకు టికెట్ తియ్యగలగాలి అని మొదటిరోజే చూశానంటే, ఉద్దేశం ఏమిటో తేలిపోయినట్టే కదా. ఇప్పుడు మీకు చెబుతూ ఉంటేనే నాకూ తేలింది.

ఒకసారి ఆమె ఆఫీసుకు వచ్చారు. బృందంలో మృదంగం వాయించే ఆయన ఈ మైళ్ల గురించి చెప్పాడట. అప్పుడప్పుడు వెళ్లే తనలాంటి మనిషి ఏ సంస్థలో చేరితే మంచిదో నన్ను అడిగి తెలుసుకుందామని వచ్చారు. బోర్డింగ్ పాస్ మీద తన పేరు కింద ఏదో నంబరు ఉందని కూడా చూపించారు. అది ఆ ఖాతా నంబరు, టికెట్ తీసిన ప్రతిసారీ నేను వేసేదే. టికెట్ నంబరు అని చెప్పాను. తర్వాత అన్న మాట ఇదిగో, అక్షరం పొల్లుపోకుండా:

"అక్కా, గవన్నీ వారం వారం ఎగిరెటోళ్లకు. మీ అసుంటోళ్లకు ఏం రావు. ఊకె పరేషాన్ తప్ప ఏం లేదు."

"అలాగా. సరేలే తమ్ముడూ, నువ్వు చెప్పాక ఇంకెందుకు," అన్నారు ఆమె. బోర్డింగ్ పాస్ మడిచి బల్ల పక్కనున్న చెత్తబుట్టలో వేసి వెళ్లిపోయారు.

మీ అసుంటోళ్లకు. ఎక్కడి నుంచి వచ్చింది ఆ మాట నా నోట్లోకి? పోటీ పరీక్షలన్నీ తప్పి బల్ల వెనక కూర్చున్నవాణ్ణి. మాకంటే ముందు వచ్చి పట్నంలో పాతుకుపోయినవాళ్లని ఆ కోస్తావాళ్ల మీద హాస్టల్లో మేము పళ్లు నూరేవాళ్లం. ఆ అక్కసు అప్పటిదాకా నాలో ఉందని నాకే తెలియదు. మేడ మీది కిరాయి గదుల్లో పాఠాలు చెప్పుకుని బతికే ఒంటరి మనిషి మీద తీర్చుకున్నాను దాన్ని. ఖర్జూరాలు తిన్న నోటితో.

ఆ తర్వాత రెండు టికెట్లకు సరిపడా మైళ్లు కూడాయి. నేను, నా భార్య స్వరూప ఢిల్లీ వెళ్లి వచ్చాం. ఆఫీసువాళ్లు మెచ్చి ఇచ్చారని చెప్పాను. స్వరూప నమ్మింది. విమానం లేచినప్పుడు నా మోచెయ్యి పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. ఇంటికొచ్చాక దోమలగూడలో మా వాకిట్లోకి వచ్చినవాళ్లందరికీ ఫోటోలు చూపించింది. ఖాతాలో ఒక్క టికెట్‌కూ సరిపోని చిల్లర మైళ్లు మిగిలాయి.

ఎలాగూ మురిగిపోయేవే కదా అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. మురిగిపోకుండా ఎంచింది నేనే.

మరుసటి వేసవిలో ఒక పొద్దున, ఆఫీసు షట్టరు ఎత్తుతూ ఉండగానే హైమావతి గారు వచ్చారు. జుట్టు దువ్వుకోలేదు. చెల్లెల్ని ఆస్పత్రిలో చేర్చారట, మెదడులో రక్తం గడ్డకట్టిందట, స్పృహ ఉంది కానీ ఎంతసేపు ఉంటుందో చెప్పలేమన్నారట. కలకత్తాకు వెంటనే వెళ్లాలి. చూశాను. సెలవుల రోజులు, అదే రోజు ప్రయాణం. అప్పటి ధర ఆమె అందుకోగలిగింది కాదు. వేరే దారి ఏదైనా ఉందా అని అడిగారు. వెళ్లబోతూ ఆగి, "ఇన్నిసార్లు తిరిగాను కదా తమ్ముడూ, ఆ మృదంగం ఆయన చెప్పినవి ఏమైనా ఉంటాయేమో, ఒకసారి చూడకూడదూ?" అన్నారు.

ఏం లేవన్నాను. అది కూడా అప్పటికి నిజమే, చూడండి. ఖాతా ఖాళీ అయినట్టే. అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా లేకుండా చేసుకున్నాను.

ఆ ధర నేను కట్టగలిగేవాణ్ణి. కష్టపడితే, యజమానిని బతిమాలితే కట్టగలిగేవాణ్ణి. కడితే ఎందుకని అడుగుతారేమోనని భయపడ్డాను. ఆమె అడిగేవారు కాదు. కళ్లు తుడుచుకుని వెళ్లేవారు, అంతే. ఆ మాత్రం ఆమె గురించి నాకు తెలుసు. తెలిసి కూడా కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను. మైళ్లు తీసినప్పటి తప్పు వేరు, ఆ పొద్దుటి తప్పు వేరు. రెండోది పెద్దది. మొదటిదాంట్లో ఆశ ఉంది. రెండోదాంట్లో ఏముంది?

రైలు టికెట్ చేశాను. ఎవరినో పట్టుకుని, ఇంకెవరినో అడిగి, బెర్తు ఇప్పించాను. సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి ఎక్కించి వచ్చాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి నా చెయ్యి పట్టుకున్నారు.

రైలు చేరేసరికి రమకు స్పృహ పోయింది. మర్నాడు చనిపోయింది. స్పృహ ఉన్నంతసేపూ, అక్క బయల్దేరిందా, ఎక్కడిదాకా వచ్చింది అని అడుగుతూనే ఉందట. మరిది చెప్పాడట. తిరిగొచ్చాక హైమావతి గారే ఆఫీసు బల్ల ముందు కూర్చుని నాకు ఈ సంగతి చెప్పారు. చెప్పి, నువ్వు లేకపోతే నాకు ఆ చివరి చూపు కూడా దక్కేది కాదు తమ్ముడూ అన్నారు.

అక్కడి నుంచి మొదలైంది ఈ కోపం. స్వరూప ఎవరితోనైనా ఢిల్లీ మాట ఎత్తితే గిన్నె విసిరేవాణ్ణి. ఎందుకో ఆమెకు అర్థం కాక, ఆ మాట ఎత్తడమే మానేసింది. ఆ ఒక్క సంతోషాన్ని కూడా ఆమె నుంచి లాక్కున్నాను. ఆఫీసులో ఎవరైనా మైళ్ల గురించి అడిగితే పళ్లు కొరుకుతూ అన్నీ సరిగ్గా చెప్పేవాణ్ణి. హైమావతి గారు కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఆమెను తిట్టుకునేవాణ్ణి కూడా. ఇంత అమాయకురాలు ఎందుకయ్యింది, ఒక్కసారైనా అనుమానించొచ్చు కదా అని. దొంగతనం చేసినవాడు తలుపు గట్టిగా వెయ్యలేదని ఇంటివాళ్లను తిట్టినట్టు.

ఈమధ్యనే చెప్పేశాను. మంచితనం పొంగి కాదు. ఆమె పాస్‌పోర్టు కాలం తీరిపోతే, కొత్తదాని కోసం కాగితాలు సిద్ధం చెయ్యమని ఇంటికి పిలిచారు. వెళ్లాను. పాఠానికి పిల్లల్ని తీసుకొచ్చిన తల్లులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లకు నన్ను చూపించి, రమ పోయేటప్పుడు దేవుడిలా ఆదుకున్నాడమ్మా అన్నారు. వాళ్లు నన్ను ఎంతో గౌరవంగా చూశారు. నాకు నెత్తురు మరిగింది. వాళ్లు పిల్లలతో మెట్లు దిగేదాకా ఆగి, ఇంకెప్పుడూ అట్లా అనొద్దని అరిచాను. ఆమె బెదిరిపోయారు. ఆ అరుపుతోనే అంతా చెప్పాను. ఖాతా, మెయిల్, చెత్తబుట్టలో వేసిన బోర్డింగ్ పాస్, అన్నీ. నిలబడే చెప్పాను.

ఆమె వయొలిన్ పెట్టెను దగ్గరికి లాక్కున్నారు. తర్వాత అడిగారు.

"ఎక్కడికి వెళ్లారు?"

"ఢిల్లీకి అక్కా. నేను, నా భార్య."

"బాగుందా?"

బాగాలేదని చెప్పొచ్చు. మనసంతా కలుక్కుమంటూనే ఉందని చెప్పొచ్చు. చెబితే ఆమెకు ఊరట, నాకూ ఊరట. కానీ అది అబద్ధం.

"బాగుండె," అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. అన్నేళ్లలో ఆమెను కోపంగా చూడటం అదే మొదటిసారి. గొంతు పెంచలేదు.

"రమ మర్నాడు మధ్యాహ్నం దాకా నా కోసం అడుగుతూనే ఉంది. విమానంలో వెళ్తే మాట్లాడేదాన్ని. ఆ మైళ్ల సంగతి నీ ఎదురుగానే అడిగాను నేను. కాగితాలు అక్కడ పెట్టేసి వెళ్లు. మళ్లీ ఈ మెట్లెక్కకు."

క్షమించమని అడగలేదు నేను. అడిగే మొహం లేదు. ఆమె క్షమించినా అది కూడా ఆమె దగ్గర కొట్టేసినట్టే ఉండేది. కాగితాలు బల్ల మీద పెట్టి దిగి వచ్చాను. ఆ సాయంత్రమే స్వరూపకూ చెప్పాను. తను ఇప్పటికీ సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇప్పుడు మీకు చెప్పాను. తేలికైపోయానని అనుకోకండి. రమ అడుగుతూనే ఉంటుంది, రైలు పోతూనే ఉంటుంది. అయినా ఒక్కటి మారింది. ఇన్నేళ్లూ ఆమె దగ్గర మైళ్లే కాదు, నా మీద ఆమెకు రావలసిన కోపాన్ని కూడా దాచుకున్నాను. దాన్నే అందరి మీదా వెళ్లగక్కాను. ఇప్పుడది ఆమె దగ్గరికి చేరింది. చిక్కడపల్లిలో ఆ మేడ మీద ఒక మనిషి నన్ను అసహ్యించుకుంటోంది, తెలిసి, న్యాయంగా. ఈమధ్య నాకు నిద్ర పడుతోంది.