గోరింటాకు వేలు

శ్రావణంలో ఒక ఉదయం ఏడింటికి హెలికాప్టరు మమ్మల్ని సరిహద్దు సైనిక పోస్టులో దింపింది. పదిహేడు వేల అడుగుల ఎత్తు. మైనస్ పది. ఎండ కళ్లు పొడుస్తోంది కానీ ఒంటికి తగలడం లేదు. నరసాపురం ఉక్కలో పెరిగిన నాకు అలాంటి ఎండ కూడా ఉంటుందని తెలీదు.

ఆ విడత కాపలాతో పాటు కొలతల పనీ మా నెత్తిన పడింది. బంకరు పక్కన పరిశోధకులు నాటిన స్తంభం గాలినీ మంచునూ కొలిచేది. మమ్మల్ని కొలవడానికి ఛాతీకి పట్టీ, పొద్దునా సాయంత్రం వేలికి క్లిప్పు. కరోనా రోజుల్లో మీరంతా ఆక్సిజన్ చూసుకున్నారే, అదే.

మా రేడియో ఆపరేటరుది మొగల్తూరు. చేపలు పట్టే కుటుంబం. ఆషాఢంలో సెలవు మీద వెళితే కూతురు పది వేళ్లకీ గోరింటాకు పెట్టి పంపింది. "ఏంటి బావా, పెళ్లికూతురివా?" అని తెగ ఏడిపించాను. చేతులు ముందుకు చాపి మరీ చూపించేవాడు.

ఒక పొద్దున అతని వేలికి క్లిప్పు పెట్టి నర్సింగ్ అసిస్టెంటు మొహం చిట్లించాడు. అతనిది తుని.

"అరవై రెండేంటండి? నిన్న ఈ ఎత్తుకి మామూలుగా ఎనభై ఉంది కదా!"

"గోరింటాకండి బాబూ. రంగు అడ్డొచ్చి మెషిను తికమక పడుతోంది," అని నవ్వాడు ఆపరేటరు. నవ్వుతూనే దగ్గాడు.

"పోనీ కాలివేలికి పెట్టి చూద్దామండి."

"ఈ చలిలో బూటు విప్పితే వేలు ఊడి చేతికొస్తుందండి!"

అందరం నవ్వాం. ఆ అంకెను వదిలేశాం.

మర్నాటికి నురగ కక్కాడు. సిలిండరు పెట్టాం. అతని రేడియో సెట్టు నేను అందుకుని కింది క్యాంపును పిలిచాను.

"ఊపిరి అందడం లేదు. హెలికాప్టరు కావాలి. ఓవర్."

"గాలి ఎక్కువగా ఉంది. ఆగండి. ఓవర్."

ఆ గాలి ఎంతో మా స్తంభం చక్కగా కొలుస్తూనే ఉంది. పొద్దు వాలకముందే మావాడు పోయాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు కింద డాక్టరు గారు. "ఎర్ర గోరింటాకుకి అంత తేడా రాదయ్యా. మెషిను నిజమే చెప్పింది," అన్నారు.

డ్యూటీ ముగించుకుని మొగల్తూరు వెళ్లేసరికి మళ్లీ ఆషాఢం. వీధిలో ఆడపిల్లలందరి చేతులూ ఎర్రగా ఉన్నాయి. వాళ్లమ్మాయి చేతులు మాత్రం బోసిగా ఉన్నాయి.

"నేను పెట్టకపోతే నాన్న బతికేవాడంటండి. నిజమేనాండి?"

ఎవరన్నారో గానీ, వాళ్ల నోరు పడిపోను!

"కాదమ్మా. మెషిను సరిగ్గానే చెప్పింది. మేమే నమ్మలేదు."

ఆ పిల్ల తన బోసి గోళ్లు చూసుకుంది.

"మరి నాన్న గోళ్లు చివరిదాకా ఎర్రగానే ఉన్నాయాండి?"

"ఎర్రగానే ఉన్నాయమ్మా," అన్నాను.

క్లిప్పు పెట్టించుకోడానికి ఆ పొద్దున అతను గ్లౌజు తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. గోటి మొదట్లో, గోరింటాకు అంటని చోట, కొత్తగా పెరిగిన గోరు బియ్యపుగింజంత కనిపించింది. అది నీలంగా ఉంది. చలికేమోలే అనుకున్నాను.