అత్త మౌనవ్రతం, నా ఎం.ఏ. పట్టా

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టాలంటే తలలో కనీసం నాలుగు తెల్లవెంట్రుకలైనా ఉండాలని మా ఆయన అంటాడు. నాకు రెండే ఉన్నాయి, అందులో ఒకటి సున్నం మరకేమోనని ఇప్పటికీ నా వాదన. అయినా సరే, ఆ రోజుల్లో అనే అంటాను. ఏడెనిమిదేళ్ళ కిందటి మాటే గానీ, అనకాపల్లి స్టేషన్లో పొద్దుటి పాసింజరు కోసం ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే ఏదో వేరే కాలం మనిషిలా ఉంటుంది. ఆ పిల్ల విశాఖపట్నంలో ఎం.ఏ. పబ్లిక్ రిలేషన్స్ చదువుతోంది. చదువుతోంది అంటే చాలదు, ఊగిపోతోంది. పొద్దున్న క్లాసులో ఏ కొత్త మాట విన్నా సాయంత్రానికి అది ఇంట్లో అమలు కావాల్సిందే. మా అమ్మ కూరలో ఉప్పెక్కువేస్తే "ఫీడ్‌బ్యాక్" ఇచ్చేదాన్ని, మా నాన్న కోప్పడితే దాన్ని "క్రైసిస్" అనేదాన్ని. (మా వీధిలో ఇద్దరు పీఆర్ అంటే పంచాయతీరాజ్ అనుకుని, కాలువ తీయించమని అర్జీలు కూడా ఇచ్చారు. కాదనలేక తీసుకుని దాచాను.)

మా నాన్న సముద్రం మీద వేట మానేసి, ఆటో కొనుక్కుని అనకాపల్లిలో స్థిరపడిన మనిషి. ఆయన అక్క, అంటే మా మేనత్త, రోజూ ఆ ఆటోలోనే తీరం నుంచి చేపలు తెచ్చి ఊళ్ళో అమ్ముతుంది. నన్ను ఎం.ఏ. చదివిద్దామని ఇంట్లో మొదట అన్నది ఆవిడే. కానీ నేను చేరింది ఒక చదువేనా అన్న అనుమానం ఆవిడకు తీరలేదు.

"ఇంతకీ ఏటి నేర్పుతారే అక్కడ?" అని అడిగింది ఒకరోజు.

"జనంతో మంచి సంబంధాలు ఎలా పెంచుకోవాలో నేర్పుతారత్తా."

"అదేటి, నువ్వు మడిసివి కావేటి? దానికి రెండేళ్ళు సదవాలా?"

ఈ ప్రశ్న మా సిలబస్‌లో లేదు కాబట్టి రైలుకు టైమైందని ఫైలు పట్టుకుని బయల్దేరాను.

ఆఖరి సెమిస్టర్ వచ్చింది. మా హెచ్.ఓ.డి.గారిని మేము 'టూ-వే మాస్టారు' అనేవాళ్ళం. ఏ పాఠమైనా "కమ్యూనికేషన్ అంటే టూ-వే అమ్మా, అటూ ఇటూ నడవాలి" అని మొదలుపెట్టి, గంటసేపూ ఆయనొక్కరే మాట్లాడి ముగించేవారు. ఆయన పెట్టిన ప్రాజెక్టు ఏమిటంటే, ప్రతి ఒక్కరూ ఒక నిజమైన క్లయింటును వెతుక్కోవాలి, వాళ్ళకోసం ప్రచారం చేయాలి, ఆ పని గురించి వాళ్ళ చేత ఉత్తరం తెచ్చుకోవాలి. ఉత్తరం లేకపోతే వైవా లేదు, వైవా లేకపోతే పట్టా లేదు. పైగా క్లయింటు బంధువు కాకూడదు. ఈ చివరి ముక్క చెప్పినప్పుడు ఆయన కళ్ళద్దాల మీంచి మమ్మల్నందరినీ ఒకసారి చూశారు. మా వైపు ఎవరికెవరు బంధువులు కారో తేల్చడం ఎంత కష్టమో ఆయనకూ తెలుసు.

నేను ఫైలు పట్టుకుని అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీకి వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మొదటిసారి "పీఆర్ మేడమ్ మీటింగులో ఉన్నారు" అన్నాడు. రెండోసారి "మేడమ్ లీవులో ఉన్నారు" అన్నాడు. మూడోసారి నా ఫైలు వైపు చూసి, "ఇంగ్లీషు బాగా రాత్తారేటండి?" అని అడిగి, చెల్లెలి పెళ్ళికి నాలుగు రోజుల సెలవు కావాలని నా చేత అర్జీ రాయించుకున్నాడు. (సెలవు దొరికిందట. పీఆర్‌లో నా తొలి విజయం అదే, కానీ దాన్ని ప్రాజెక్టుగా చూపించలేను.) గడువు మూడు వారాల్లోకి వచ్చేసింది. క్లాసులో అందరికీ క్లయింట్లు కుదిరారు. నాకు అన్నం సహించడం మానేసింది.

అప్పుడు పడింది నా కన్ను మా అత్త మీద. అత్తా, ఆవిడతోపాటు మరో అయిదుగురు ఆడవాళ్ళూ అన్నాళ్ళూ వీధి మొగలో, నలుగురూ నడిచే చోట కూర్చుని చేపలమ్మేవారు. ఆ మధ్యనే వెనక సందులో కట్టిన కొత్త షెడ్డులోకి మారారు. అక్కడ రేకులు కొత్తవి, కుళాయి ఉంది, కూర్చోడానికి గట్లున్నాయి, లేనిదల్లా జనమే. ఇంతకంటే మంచి క్లయింటు ఎక్కడ దొరుకుతుంది? ప్రాజెక్టు ఫారం తీసి "క్లయింటుతో బంధుత్వం" అన్న గడిలో "లేదు" అని రాసేశాను. రాసేముందు ఒక్క క్షణం ఆలోచించానని చెప్పుకుంటే బాగుండును గానీ, ఆలోచించలేదు. అంత ఉత్సాహంలో ఉన్నాను.

"నీ పరీచ్చకి మా సేపలెందుకే?" అంది అత్త.

"పోనీలేయే, మనింటి ఆడగుంట సదువు. ఒక్క ఆదివారం దాని సరదా తీరనీ," అని పక్కన కూర్చునే ముసలమ్మ నా తరఫున మాట్లాడింది.

ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. రైల్లో నలభైమందిని సర్వే చేశాను. "చేపల బజారులో మీకు నచ్చనిదేమిటి?" అన్న ప్రశ్నకు దాదాపు అందరూ "బేరమాడాల్సి రావడం" అన్న దగ్గర టిక్కు పెట్టారు. (వాళ్ళలో ఎంతమంది ఎప్పుడైనా చేపలు కొన్నారో అడగాలని నాకు తట్టలేదు. సగంమంది హాస్టలు పిల్లలు, ఒకాయన అసలు చేపే ముట్టరు. పెన్ను చేతికిచ్చాను కదా అని మర్యాదకు పెట్టారు.) అంతే, నా ప్రచారానికి సూత్రం దొరికిపోయింది. "ఒకటే మాట, ఒకటే ధర" అని నీలంరంగు ఫ్లెక్సీ కొట్టించాను, కింద ఒక్కో చేపకూ ఒక్కో ధర. ఆరుగురికీ నీలం ఏప్రన్లు. ఊళ్ళో ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిటికీ ఆహ్వానం. ఆ తరవాత శిక్షణ. ధర బోర్డు మీద ఉంది కాబట్టి ఎవరేమడిగినా మాట్లాడకూడదు, వేలితో బోర్డు చూపించి నవ్వాలి, అని చెప్పాను.

"నవ్వితే సేపేదో తేడాగా ఉంది కాబోలనుకుంటారే," అంది అత్త.

"అది ప్రొఫెషనల్ స్మైల్ అత్తా. ఒక్క పూట నా మాట విను."

ఆవిడ విన్నది. ముప్పై ఏళ్ళ కాపురంలో మా మామయ్య చేయలేని పని నేను ఒక్క మాటతో చేశాను, మా అత్త చేత మౌనం పట్టించాను.

ఆదివారం ఏడింటికల్లా జనం వచ్చారు. నిజంగానే వచ్చారు. వెంటనే ఫోనెత్తి వీడియో మొదలుపెట్టాను. అందరికంటే ముందు వచ్చినవారు రిటైరైన తాసిల్దారుగారు. ఆయనా మా అత్తా ఇరవయ్యేళ్ళుగా ప్రతి ఆదివారం ఒకే నాటకం ఆడతారు. ఆవిడ ధర చెబుతుంది, ఆయన అందులో సగమంటారు, "ఆ డబ్బుకి మీ ఇంట్లో పిల్లి కూడా ముట్టదు బాబూ" అని ఆవిడంటుంది, ఆయన కోపంగా నాలుగడుగులు వెళ్ళిపోతారు, ఆవిడ వెనక్కి పిలుస్తుంది, ఆయన వచ్చి కొంటారు, ఆవిడ గుప్పెడు నెత్తళ్ళు కొసరేస్తుంది. ఆ రోజు ఆయన వంజరం చూసి ధర అడిగారు. అత్త వేలితో బోర్డు చూపించి నవ్వింది. ఆయన సగం ధర అన్నారు. అత్త మళ్ళీ బోర్డు చూపించి మళ్ళీ నవ్వింది. అలవాటు ప్రకారం ఆయన నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరగకుండా పిలుపు కోసం నిలబడ్డారు. అత్త నా వైపు చూసింది. నవ్వు, నవ్వు, అని నేను ఫోను వెనకనుంచి సైగ చేశాను. పాపం ఆయనకు అయిదో అడుగు కూడా వేయాల్సి వచ్చింది. చివరికి తిరిగి చూసి, "ఏటమ్మా, నా మీద కోపం వచ్చిందేటి?" అన్నారు చిన్నబోయిన గొంతుతో. జవాబు రాకపోయేసరికి సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. (ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరికీ చూపించను.)

తరవాత సందు చివర గొడుగులు బాగుచేసే భాయ్ వచ్చాడు. బోర్డు చదివి, ఏప్రన్లు చూసి, గొంతు తగ్గించి, "ఏంటక్కా, దుకాణం ఎవరైనా సేటుకి అమ్మేసేరా?" అని అడిగాడు. అత్త నవ్వింది. ఔననుకున్నాడతను. తొమ్మిదింటికల్లా బజారంతా పాకిపోయింది. చేపలమ్మేవాళ్ళను ఏదో కంపెనీ కొనేసిందట, ఇవి మన తీరం చేపలు కావట, లారీలో వచ్చిన ఐసు చేపలట. వచ్చినవాళ్ళు గుళ్ళో ఉన్నంత మర్యాదగా బోర్డు చదివి వెళ్ళిపోతున్నారు. పదయింది. ఐసు కరుగుతోంది, ఒక్క చేపా కదల్లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నా పట్టా సంగతి అటుంచి, ఆ ఆరుగురి ఆదివారం నా వల్ల కుళ్ళిపోయేలా ఉంది.

అప్పుడు మా అత్త లేచింది. ఏమీ అనలేదు (శిక్షణ అలాంటిది). స్టూలెక్కి ఫ్లెక్సీ విప్పి, నాలుగు మడతలు పెట్టి, చేపల గంపకు ఎండ తగలకుండా కప్పింది. ఆ గంప తలకెత్తుకుని రెండో గంప నాకు చూపించింది. "ఎత్తవే. జనం మన కాడికి రాకపోతే మనమే ఎల్దాం," అంది. ఎత్తాను. మెడ భుజాల్లోకి దిగిపోయింది, కొత్త చుడీదార్ మీద ఐసునీళ్ళు కారిపోయాయి. తాసిల్దారుగారి గుమ్మంలో గంప దించి, పొద్దుట్నుంచీ దాచుకున్న గొంతంతా విప్పింది మా అత్త.

"బాబూ, పిలవనేదని అలిగిపోతారేటి? ఇరవయ్యేళ్ళనుంచి తిడతన్నాను, ఒక్క పూట తిట్టకపోతే ఇంత కోపమేటి?"

లోపలినుంచి ఆయన పరుగులాంటి నడకతో వచ్చారు. ఇరవై నిమిషాలు బేరం నడిచింది. వాళ్ళ కోడలి పురుడు సంగతీ, మా అత్త మోకాలి నొప్పీ, దానికి ఆయనకు తెలిసిన నూనె పేరూ, అన్నీ ఆ బేరంలోనే నడిచాయి. గొంతు విని పక్కిళ్ళవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. రెండేళ్ళు క్లాసులో విన్న "అటూ ఇటూ నడవాలి" నాకు ఆ గుమ్మంలో అర్థమైంది. షెడ్డులో మిగతా అయిదుగురూ ఏప్రన్లు విప్పేసి కేకలందుకున్నారు. ఒంటిగంటకల్లా, లాభం అంతంత మాత్రమే గానీ, అందరి గంపలూ ఖాళీ అయ్యాయి.

మర్నాడే వైవా. ముందుగానే టైపు చేయించి పెట్టుకున్న ఉత్తరం తీసి, "ఈ ప్రచారం వలన మా అమ్మకములు గణనీయముగా పెరిగినవి" అని అత్తకు చదివి వినిపించాను. ఆవిడ స్టాంపు ప్యాడు వైపు కూడా చూడలేదు.

"ఏలిముద్ర ఎయ్యను."

"అత్తా, ఇది లేకపోతే నా రెండేళ్ళూ పోతాయి."

"అబద్దం కాయితం మీద ముద్దరేసినదాన్ని, రేపు సేప తాజాదని సెప్తే నా మాట ఎవులు నమ్ముతారే? నాను సెప్తాను, రాసుకో."

రాసుకున్నాను. "ఈ గుంట మా ఆదివారం సగం పాడు సేసింది. మా నోళ్ళు కట్టీసింది. తప్పు తెలిసినాక సాకులు సెప్పనేదు, గంప నెత్తికెత్తింది. బేరం రాదు గాని మాట ఇంటాది. మళ్ళీ వత్తానంటే రానిత్తాం." అంతవరకూ చెప్పి ఆగి, కాస్త ఆలోచించి, "ఇది మా తమ్ముడి కూతురు అని కూడా రాయి," అంది. అక్కడ నా పెన్ను ఆగింది. ఫారంలో బంధుత్వం లేదని ఉంది, ఇది రాస్తే ప్రాజెక్టు రద్దు. రాస్తున్నట్టు పెన్ను కదిపాను. తిరిగి చదవమంటే, కాగితం మీద లేని ఆ వాక్యాన్ని కూడా గొంతు తడబడకుండా చదివేశాను. అత్త తృప్తిగా తలాడించి వేలిముద్ర వేసింది. చదువు రాని మనిషిని, అదీ నన్ను చదివించమన్న మనిషిని, మోసం చేశాను. ఇంకెలా చెప్పినా అది అదే.

వైవాలో ఉత్తరం పైకి చదివింది వేరే ఊరి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మేడమ్. "మా నోళ్ళు కట్టీసింది" దగ్గర నవ్వాపుకోలేక మంచినీళ్ళు తాగారు. "మళ్ళీ వత్తానంటే రానిత్తాం" దగ్గర టూ-వే మాస్టారు రెండేళ్ళలో మొదటిసారి "మళ్ళీ చదవండి, వింటాను" అన్నారు. నాకు కాళ్ళు నేలమీద లేవు. "ఇంత నిజాయితీగల మనిషి ఎక్కడ దొరికిందమ్మా నీకు? ఏమవుతుంది?" అని మేడమ్ మామూలుగానే అడిగారు. ఏమీ కాదు అనడానికి నోరు తెరిచాను. మేడమ్ చేతిలోని కాగితం మీద అత్త వేలిముద్ర కనబడింది.

"మా అత్త, మేడమ్."

ఒకసారి చెప్పడం మొదలయ్యాక ఆపలేకపోయాను. ఫారం సంగతీ, కాగితం మీద లేని వాక్యం సంగతీ అన్నీ చెప్పేశాను. మాస్టారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. నన్ను బయట కూర్చోమన్నారు. ఆ వరండాలో అరగంట నేను ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తులేదు. మళ్ళీ పిలిచి మేడమ్ అన్నారు, "నిబంధన ప్రకారం రద్దు చేయాలి. కానీ చుట్టరికం ఉన్నవాళ్ళెవరూ ఇలాంటి ఉత్తరం ఇవ్వరమ్మా. పాసు మార్కులు వేస్తున్నాం. ఒక్కటి కూడా ఎక్కువ వేయం."

రైలు దిగి తిన్నగా షెడ్డుకు వెళ్ళాను. "పాసయ్యానత్తా" అంటే ఆవిడ మొహం వెలిగిపోయింది, పక్కన ముసలమ్మను మోచేత్తో పొడిచింది. ఆ వెలుగు చూస్తూ మిగతాది కూడా చెప్పాను. కత్తిపీట మీద చేపను పక్కన పెట్టి అత్త నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ కాయితం ఉందేటి నీ కాడ?"

ఫైల్లోంచి జిరాక్సు కాపీ తీశాను.

"ఇప్పుడు రాయి."

నిలబడే రాశాను. ఇది మా తమ్ముడి కూతురు.

"సదువు," అంది. చదివాను. "ఏలెట్టి సదువు," అంది. ఒక్కో మాట మీదా వేలు పెట్టి చూపిస్తూ మళ్ళీ చదివాను. ఈసారి ఆవిడ కళ్ళు నా మొహం మీద లేవు, నా వేలి వెంటే నడిచాయి. స్టాంపు ప్యాడు లేదు. చేప కోసిన బొటనవేలినే ఆ వాక్యం పక్కన గట్టిగా అదిమింది.

ఇప్పుడు నేను విశాఖలో ఒక పెద్ద ఆఫీసులో పీఆర్ చూస్తాను, రోజూ ఎవరెవరి తరఫునో ఉత్తరాలు రాస్తాను. యూనివర్సిటీ ఫైల్లో పడి ఉన్నది ఒక వాక్యం తక్కువ ఉత్తరం, అసలుది నా బీరువాలో ఉంది. ఎప్పుడైనా తీసి చూసుకుంటే, లేని వాక్యాన్ని అంత ధీమాగా చదివిన ఆ పిల్ల చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, వెంటనే నవ్వూ వస్తుంది. పట్టాకు ఎప్పుడో లామినేషన్ చేయించాను. ఈ కాగితానికి మాత్రం చేయించడానికి మనసొప్పలేదు. దగ్గరికి తీసుకుంటే ఇంకా సన్నగా మా అత్త వాసన వస్తుంది.