చావింటికి ముందుగా వచ్చే మనిషి

మా పక్కింటి పిన్నిగారు పోయారు. నిద్రలోనే పోయారు. పొద్దున్నే ఆవిడ కోడలు ఫోన్ చేసింది. మా రెండిళ్లకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఇన్నేళ్లలో ఆ ఇంటినుంచి ఈ ఇంటికి ఎవరూ ఫోన్ చేసి ఎరగరు, గోడ మీదనుంచి కేక వేయడమే అలవాటు. అందుకే ఫోన్ మీద ఆ పేరు చూడగానే నాకు విషయం అర్థమైపోయింది. “అక్కా, అత్తయ్య లేవట్లేదు. ఒళ్లు చల్లగా ఉంది. నువ్వొకసారి రా అక్కా” అంది. పొయ్యి మీది పాలు దించేసి వెళ్లాను. పాలు దించడం గుర్తుంది, ఆ ఇంట్లోకి ఎలా వెళ్లానో మాత్రం గుర్తులేదు.

వెళ్లేసరికి మంచం చుట్టూ ఆవిడ కొడుకు, కోడలు, పై వాటాలో అద్దెకుండే బ్యాంకాయన నిలబడి ఉన్నారు. నా వెనకే మా ఆయనా, సెలవులకి ఇంటికొచ్చి ఉన్న మా అమ్మాయీ వచ్చారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఎవరూ ఏమీ చేయడం లేదు. నేనూ వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డాను. మేమందరం ఆ క్షణంలో ఎదురుచూస్తున్నది ఆవిడ కోసమే. ఎందుకంటే మా వీధిలో ఎవరు పోయినా ముందుగా వచ్చే మనిషి పిన్నిగారు. ఇప్పుడు పోయింది ఆవిడే.

మాది నిడదవోలు బజారు వెనక వీధి. సగానికి సగం వ్యాపారస్తుల ఇళ్లే. మా ఆయనది స్టీలు సామాన్ల కొట్టు, పిన్నిగారి వాళ్లది కిరాణా. నేను మొగల్తూరు నుంచి కోడలిగా వచ్చిననాటికే ఆవిడ మా అత్తగారిని అక్కా అని పిలిచేవారు. ఆ వరసన నాకు పిన్నిగారు. తర్వాత వీధి మొత్తానికి, కూరగాయల బండబ్బాయితో సహా, పిన్నిగారే అయిపోయారు. జిల్లాలు మార్చినప్పుడు, “మనం పశ్చిమ కాదంట, తూర్పంట. నేను ఈ అరుగు మీదనుంచి లేవనే లేదమ్మా, నన్నెప్పుడు మోసుకెళ్లారో” అని నవ్వారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం స్టేషన్లో రైలు కూత వేస్తున్నా వినబడేది.

మా అత్తగారు పోయినప్పుడు మొదటిసారి ఆవిడ పనితనం చూశాను. అప్పుడు మా అమ్మాయి చంటిపిల్ల. నేను పిల్లని ఎత్తుకుని గోడకి అతుక్కుపోయాను. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంటూ వచ్చారు పిన్నిగారు. “తప్పుకోండి, తప్పుకోండి. గాలాడనివ్వండి” అన్నారు. గాలాడాల్సిన అవసరం మా అత్తగారికి లేదు కదా అని ఎవరికీ తట్టలేదు, అందరం జరిగాం. “పాత నేత చీర ఏదైనా ఉందా అమ్మాయ్?” అని అడిగి, నేనిచ్చిన చీర అంచు పళ్లతో కొరికి బర్రున చింపారు. ఒక పీలికతో గడ్డం కింద కట్టారు, ఒక పీలికతో కాలి బొటనవేళ్లు కలిపి కట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. ఏడుస్తున్న మా ఆయన్ని, “ఒరే, డ్రమ్ములో నీళ్లున్నాయో లేదో చూసిరా” అని పంపేశారు. నీళ్లు నిండుగానే ఉన్నాయని ఆవిడకి తెలుసు.

నాకు మరీ గుర్తుండిపోయింది ఇంకోటి. స్నానం చేయిస్తున్నంతసేపూ మా అత్తగారితో మాట్లాడుతూనే ఉన్నారు. “అక్కా, కాస్త ఇటు తిరుగు. చెయ్యి వదులు అక్కా, అంత బిగబట్టావేంటి? అయిపోయింది, అయిపోయింది” అంటూ. జ్వరం తగిలిన మనిషికి ఒళ్లు తుడుస్తున్నట్టే ఉంది. అది విన్నాకే నాకు భయం పోయింది.

శవం లేచాక ఇల్లు కడిగించి, వాళ్లింటినుంచి పప్పూ చారూ తెచ్చి, మా చేత తినిపించి వెళ్లారు. నాకు ముద్ద దిగకపోతే, “తిను అమ్మాయ్. ఏడవడానికైనా ఓపిక ఉండాలి” అన్నారు. తర్వాత ఎన్ని ఇళ్లలో ఈ మాట అన్నారో లెక్కలేదు.

ఇలాంటి మనిషికి ఈ కాలం పిల్లలంటే చులకన ఉండటంలో వింతేముంది? మా అమ్మాయి రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదువుతోంది. సెలవులకి వస్తే చాలు, గోడ మీదనుంచి మొదలెట్టేవారు. “ఏంటే, వంటొచ్చిందా? కుక్కరు కూత కూడా ఫోన్లో విని దింపుతావా?” అనేవారు. కరెంటు పోతే కొవ్వొత్తి ఎక్కడుందో తెలియదంటారు, చేప తోమడం రాదంటారు అని వేరే వాళ్ల పిల్లల్ని కూడా కలిపి తిట్టేవారు. మేం చేపలు తినమని, ఆవిడా తినరని మా అమ్మాయి గుర్తుచేస్తే, “తినకపోతే మాత్రం? తెలియొద్దూ!” అనేవారు. “ఫోన్ చేస్తే వచ్చేవి తప్ప ఇంకేం లేవు మీ దగ్గర” అన్నది ఆఖరి తీర్పు.

అలాంటి పిన్నిగారికి గ్యాస్ సిలిండరంటే హడల్. శవాన్ని ఒంటిచేత్తో తిప్పే మనిషి రెగ్యులేటర్ ముట్టుకునేవారు కాదు. సిలిండర్ మార్చాల్సి వస్తే గోడ దగ్గరికొచ్చి, “అమ్మడూ, ఒకసారి ఇలా వచ్చి ఆ మూత బిగించి పోవే” అని మా అమ్మాయినే పిలిచేవారు. “నాకేమీ రాదంటావు, దీనికి మాత్రం నేనే కావాలి మామ్మా” అని అది సాధించేది. “నీకు అదొక్కటే వచ్చు, అందుకే పిలిచాను” అని ఆవిడ. ఒంటరిగా రైలెక్కి ఎరగరు. అన్నవరం వెళ్లాలని మొక్కుకుంటే మా అమ్మాయే టికెట్లు తీసి, వెంట వెళ్లి, కొండెక్కించి, ప్రసాదంతో సహా ఇంటికి తీసుకొచ్చింది. తిరిగొచ్చాక ఆవిడ అరుగు మీద కూర్చుని, “పిల్ల గట్టిదేనమ్మా” అన్నారు, అది వినకుండా చూసుకుని.

ఒకసారి నేను అడిగాను. ఎవరింట్లోనో పని చూసుకుని వచ్చి మా నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నారు. “నాకూ నేర్పండి పిన్నిగారూ. మీ తర్వాత ఈ వీధిలో ఎవరున్నారు?” అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. “చావు ఇళ్లకి తిరగడం నేర్చుకుంటావా? పిల్లా జెల్లా ఉన్నదానివి. వెళ్లి నీ పని చూసుకో. నేనున్నాను కదా!” అన్నారు. ఎప్పుడూ అదే మాట. పనసకాయ కోయాలన్నా నేనున్నాను కదా, పురుడు పోయాలన్నా నేనున్నాను కదా. మేం చెయ్యి పెట్టబోతే, తప్పుకోండి. చెప్పాలంటే, ఆ మాట మీద నాకిప్పుడు కోపంగా ఉంది. పోయినవాళ్ల మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకు ఇంకే భావమూ కలగనప్పుడు, కనీసం ఆ కోపమైనా ఉందని సంతోషించాలి.

ఆవిడ మంచం చుట్టూ మేం అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ఫోన్ చేస్తే వచ్చేవన్నీ వచ్చాయి. ఫ్రీజర్ బాక్సు వచ్చింది, షామియానా వచ్చింది, కుర్చీలొచ్చాయి, పూలదండలొచ్చాయి. తల ఏ దిక్కుకి పెట్టాలో బ్యాంకాయన ఫోన్లో వెతికితే ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. చివరికి పురోహితుడికి ఫోన్ చేసి కనుక్కున్నాం. తణుకునుంచి, రాజమండ్రినుంచి చుట్టాలు దిగారు. విశాఖపట్నంలో ఉన్న కూతురు మధ్యాహ్నానికి గానీ రాదు.

“స్నానం ఎవరు చేయిస్తారు?” అని ఒక పెద్దావిడ అడిగారు. పెద్దవాళ్లకి మోకాళ్లు వంగవు. కోడలు నా చెయ్యి పట్టుకుని, “నాకు భయం అక్కా. అత్తయ్యంటే భయం కాదు. అలా ఉంటే భయం” అని ఏడ్చింది. డబ్బులిస్తే ఎవరైనా వస్తారేమో కనుక్కుంటానన్నాడు కొడుకు. అప్పుడు మా ఆయన నావైపు చూశారు. “నేను చేయిస్తాను” అన్నాను. ధైర్యమొచ్చి అనలేదు. డబ్బులిచ్చి ఎవరినో పిలిపించిన మాట ఆవిడ చెవిన పడకూడదనిపించింది, అంతే.

“నేనూ వస్తానమ్మా” అంది మా అమ్మాయి. “పెళ్లి కావలసిన పిల్ల, దాన్నెందుకు?” అన్నారు ఆ పెద్దావిడే. అది ఆవిడ మాట విననట్టే పెరట్లోకి వెళ్లింది.

ఆ ఇంట్లో ఒక్క నేత చీర లేదు, కోడలి బీరువా నిండా జారిపోయే బట్టలే. మా ఇంటినుంచి దుప్పటి తెచ్చి చింపాను. నా ముడి నిలవలేదు, కట్టినకొద్దీ ఊడింది. మా అమ్మాయి బకెట్లో వేడినీళ్లు పోసి, చన్నీళ్లు కలిపి, చెయ్యి పెట్టి చూసింది. “వేడెక్కువైందమ్మా, ఆగు” అని ఇంకో చెంబుడు చన్నీళ్లు పోసి మళ్లీ చెయ్యి పెట్టి చూసింది. ఆవిడకి ఇక వేడీ చల్లనా ఏముందని నేను అనలేదు. అక్కడున్న వాళ్లెవరూ అనలేదు. నేను పిన్నిగారితో మాట్లాడదామనుకున్నాను, మా అత్తగారితో ఆవిడ మాట్లాడినట్టు. నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఒళ్లు రుద్దుతూ ఉన్నాను. నా చేతులు ఎవరివో అన్నట్టుగా ఉన్నాయి. అన్నవరం వెళ్లిన రోజు కట్టుకున్న చీర కట్టాం. బొడ్డు దగ్గర కుచ్చెళ్లు సరిగా రాలేదు. ఆవిడ బతికుంటే విప్పి మళ్లీ కట్టమనేవారు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మగాళ్లంతా ఒకటే మాట. “ఆ తరం మనుషులే వేరండి. ఈ కాలం పిల్లలకి ఏం వచ్చు? చేతిలో ఫోన్ లాక్కుంటే దారి కూడా తెలియదు” అని. మా ఆయన తల ఊపుతున్నారు. నాకు ఒళ్లు మండింది. “వాళ్లకి ఎవరు నేర్పారండీ? చదువుకో, నువ్వు లోపలికి రాకు, నీకెందుకు, పెళ్లి కావలసిన దానివి అంటూ పెంచాం. ఇప్పుడు రాదంటే ఎలాగ? అయినా ఆ రోజు ఈ ఇంట్లో మీకెవరికి వచ్చిందని?” అన్నాను. సాంబారు వడ్డించే అతను గరిటె పట్టుకుని ఆగిపోయాడు. తర్వాత మా ఆయన, “అంత గట్టిగా అనాలా?” అన్నారు. అనాలి అన్నాను.

కర్మలయ్యాక పిన్నిగారి కొడుకూ కోడలూ తాళం వేసి, ఆనవాయితీ ప్రకారం నిద్ర చేయడానికని కోడలి పుట్టింటికి వెళ్లారు. ఆ మర్నాడు తెల్లవారుజామున వాకిలి ఊడుస్తుంటే ఎవరో, “పిన్నిగారూ! పిన్నిగారూ!” అని పిలుస్తున్నారు. చూస్తే వెనక వీధి టైలరు. మా జాకెట్లన్నీ ఆయనే కుడతాడు. పిన్నిగారి గేటు తాళం చేత్తో పట్టుకుని, దానివైపే చూస్తూ నిలబడ్డాడు. పెద్దకర్మ భోజనానికి వచ్చినవాడే.

“ఏంటండీ?” అన్నాను.

“అమ్మ పోయిందండి, ఇప్పుడే. మర్చిపోయానండి. కాళ్లు ఇటే తీసుకొచ్చేశాయి” అన్నాడు. చెప్పుల్లేవు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. నన్ను రమ్మని అడగలేదు, వెళ్లనూ లేదు.

“నాకు సరిగ్గా రాదండి” అన్నాను.

“మాకు అసలు రాదు కదండీ” అన్నాడు.

మా అమ్మాయి నిద్రమొహంతో గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో. జుట్టు ముడేసుకుంటూ, “మీ అమ్మగారి దగ్గర ఇప్పుడెవరున్నారండీ?” అని అడిగింది.

“ఎవరూ లేరమ్మా. ఇంట్లో నేనొక్కణ్ణే” అన్నాడు.

అది మెట్లు దిగి పరుగెత్తింది. ఆయన ఒక క్షణం అర్థం కానట్టు చూసి, దాని వెనకే పరుగెత్తాడు. చీపురు గోడకి ఆనించి నేను వీధిలోకి వచ్చేసరికి ఇద్దరూ మలుపు దాకా వెళ్లిపోయారు. మా అమ్మాయి కూడా చెప్పులు వేసుకోలేదు.