ఎత్తు ప్రదేశాలకు పనికిరాని కెజియా

కెజియా నా దగ్గర బీఎస్సీ చదివింది. మార్కాపురంలో నేను బాటనీ చెప్పే కాలేజీలో మూడో బెంచీలో గోడ పక్కన కూచునేది. పరీక్షలప్పుడు తప్ప ఎవరి కంటా పడేది కాదు. వాళ్ల నాయన శ్యాంసన్ పలకల క్వారీలో రాయి తీసేవాడు. అమ్మ రాహేలు బలపాల షెడ్డులో పని. రాతిని మిషన్ మీద సన్నటి పుల్లలుగా కోస్తే బలపాలవుతాయి. తల్లి కోస్తుంటే కెజియా ఎనిమిదేళ్లప్పటి నుంచి వాటిని ఏరి అట్టపెట్టెల్లో సర్దేది. పన్నెండేళ్లకు తనే మిషన్ మీద కూచుంది. బడి ఉన్న రోజు సాయంత్రాలు, లేని రోజు పొద్దంతా. డిగ్రీ రెండో ఏడు దాకా అదే వరస. శ్యాంసన్‌కు టీబీ అన్నారు. రెండుసార్లు కోర్సు మందులు మింగి, ఆ పిల్ల ఇంటర్‌లో ఉండగా పోయినాడు.

ఎమ్మెస్సీలో కెజియా ఎంచుకున్న పని చూసి నేను ఆశ్చర్యపోయినాను. క్వారీల పక్కన పనికిరాని రాళ్లు గుట్టలుగా పోస్తారు కదా, వాటి మీద ఏం మొలుస్తుందో చూసింది. ఎండాకాలం గోధుమరంగు ముద్దలాగా ముడుచుకుపోయి, వాన పడిన పూటకే పచ్చబడే నాచులాంటి మొక్క ఒకటుంది. మనం చచ్చిపోయిందనుకునేది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ గుట్ట ఎక్కి, రాయి వేడి ఎంతుందో, ఆ మొక్క కింద ఎంతుందో రెండేళ్లు రాసుకుంది. చెప్పుల అడుగు మెత్తబడి రాయికి అంటుకునేదంట.

2024లో ఒక ప్రకటన నా కంట పడింది. ఉత్తరాదిలో ఒక పరిశోధన సంస్థ. మంచు ఎడారుల్లో, మనిషి బతకలేని చోట్ల మొక్కల్ని కాపాడటం మీద పీహెచ్‌డీ. అయిదేళ్లు ఫెలోషిప్, హాస్టల్, ప్రయాణాలు అన్నీ వాళ్లవే. నేనే ఆ పిల్లకు ఫోన్ చేసి, ఇంటికి పిలిపించి, పక్కన కూచుని అప్లికేషన్ నింపించినాను. ఏడాదికి నాలుగు నెలలు పదిహేను వేల అడుగుల ఎత్తున పని చేయాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి అని చివర్న ఉంది. కెజియా అది చదివి నా మొహం చూసింది.

"క్వారీ గుట్టలెక్కిన దానివి, నీకేం భయమే?" అన్నాను.

ఆ మాట నేనన్నదే.

ఇంటర్వ్యూకు రెండు రోజులు రైల్లో పోయింది. అయిదుగురు కూచున్నారంట. ఒక ప్రొఫెసర్, కఠినమైన వాతావరణం గురించి నీకేం తెలుసు అని అడిగినాడు. మిగతావాళ్లు పుస్తకాల్లో ఉన్నది చెప్పినారు. ఈ పిల్ల తన నోటుపుస్తకం తీసి, రాయి వేడి లెక్కలు ముందు పెట్టింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని ముప్పావు గంట మాట్లాడినాడు. వారానికి లిస్టు వచ్చింది. మొదటి పేరు కెజియాదే.

రాహేలు షెడ్డులో అందరికీ మిఠాయి పంచింది. మా ఇంటికి కూడా తెచ్చింది. "మంచుకొండల మీద మొక్కలు లెక్కపెడతాదంట మేడమ్ మా పాప. దానికి జీతమిస్తారంట" అని నవ్వింది. ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు.

వైద్య పరీక్ష గుంటూరులో. ఎక్స్‌రే తీసినాక డాక్టరు దాన్ని చాలాసేపు చూసి, "ఏమ్మా, రాళ్ల మిషన్ దగ్గర ఎప్పుడన్నా పని చేసినావా?" అన్నాడంట. రెండు ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న మచ్చలు. స్కానింగ్ చేసినారు, గొట్టంలోకి ఊదించినారు. రాతి పొడి లోపల కూచుంది, బయటికి రాదు, మందు లేదు. ఇప్పటికి మామూలు బతుకు బతకొచ్చు, ఎత్తు ప్రదేశాలకు మాత్రం పనికిరాదు అని రాసిచ్చినారు. ఆ పిల్లకప్పుడు ఇరవై ఏడేళ్లు. వాళ్ల నాయనది కూడా టీబీ ఒక్కటే అయ్యుండదని ఆ గదిలోనే తెలిసిందంట దానికి.

నేను ప్రొఫెసర్‌కు ఫోన్ చేసినాను. కొండల మీదికి పంపొద్దు, ల్యాబ్‌లోనే పెట్టుకోండి అని బతిమాలినాను. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే బాధపడినాడు. ఈ ఫెలోషిప్ ఇచ్చేదే కొండల మీద పనికి మేడమ్, నాకా అధికారం లేదు అన్నాడు. పోనీ ఆ రాళ్ల గుట్టల మీదే పీహెచ్‌డీ చేయనివ్వండి అన్నాను. మా జాబితాలో మంచు ఎడారులు, ఉప్పు నేలలు, వేడినీటి బుగ్గలు ఉన్నాయి, క్వారీ వ్యర్థాలు లేవు అన్నాడు. మంచి డేటా, పారేసుకోవద్దని చెప్పండి అని కూడా అన్నాడు. సీటు రెండో పేరుకు పోయింది.

వాళ్ల నిబంధనలో తప్పు లేదు. గాలి లేని చోట ఆ పిల్ల కూలిపోతే ఎవరు జవాబు చెప్తారు? తప్పంతా ఎక్కడో ముందే జరిగిపోయింది. అక్కడికి పోయి అడగటానికి ఎవరూ దొరకరు.

దొరుకుతారని కెజియా అనుకుంది. పనివల్ల వచ్చిన జబ్బయితే ప్రభుత్వం నుంచి పరిహారం వస్తుందని ఎవరో చెప్పినారు. దానికి పని చేసినట్టు యజమాని కాగితం కావాలి. షెడ్డు యజమాని నిత్యానందం దగ్గరికి నన్నూ తోడు రమ్మంది.

ఆయన మమ్మల్ని కూచోబెట్టి టీ తెప్పించినాడు. కాగితాలన్నీ ఓపిగ్గా చూసినాడు.

"నువ్వు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చేసినావు పాపా?"

"ఎనిమిదేళ్లప్పటి నుంచి సార్. మీకు తెలుసు కదా."

"అట్ల రాసిస్తే నన్ను లోపలేస్తారు. పిల్లల్ని పనిలో పెట్టుకోవటానికి చట్టం ఒప్పుకోదు. మా దగ్గర పిల్లలెవరూ పని చేయలేదమ్మా."

"పద్దెనిమిది నిండినాక కూడా రెండేళ్లు చేసినా సార్. అదన్నా రాయండి."

"మీరంతా పెట్టెల లెక్కన చేసినోళ్లు. హాజరు మస్టర్‌లో మీ అమ్మ పేరే లేదు. నీ పేరు యాడుంటాది?"

కెజియా టీ ముట్టుకోలేదు. బయటికొచ్చినాక నన్ను కూడా ఆటో ఎక్కమంది. ఇంటికి పోయి అన్నదంతా తల్లిని అన్నది.

"నువ్వే కదా నన్ను చెయ్యి పట్టుకోని తీసుకపోయింది!"

రాహేలు బియ్యం ఏరుతా ఉంది. తలెత్తలేదు. "ఇంట్లో ఒక్కదాన్నే యాడ వదిలిపోదును? మీ నాయన క్వారీలో, నేను మిషన్ కాడ. నీకు అన్నం పెట్టాలంటే పని చేయాల, పని కాడ నువ్వుండాల" అంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇద్దరూ నన్ను మర్చిపోయినారు.

నెల దాటినాక కెజియా తల్లికి కూడా ఎక్స్‌రే తీయిద్దామని పోరు పెట్టింది. ఆటో తెచ్చి గుమ్మం ముందు పెడితే రాహేలు ఎక్కలేదు.

"తెలిసి ఏం చేసుకుంటానే? తెలిస్తే షెడ్డు మానేయాల. మానేస్తే తినేదేంది?"

ఆటోను పంపించేసి కెజియా లోపలికి పోయి తలుపేసుకుంది. రాహేలు సద్ది గిన్నె తీసుకుని ఎప్పటిలాగే పనికి పోయింది.

ఇప్పుడు కెజియా గిద్దలూరులో ఒక ప్రైవేటు ఇంటర్ కాలేజీలో బాటనీ చెప్తోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. నోటుపుస్తకం ఏం చేసిందో నేను అడగలేదు. కనపడిన ప్రకటనలు మాత్రం పంపుతూనే ఉన్నాను. పోయిన వేసవిలో గనుల వ్యర్థాల మీద మొక్కల గురించి ఒక ఫెలోషిప్ ప్రకటన వస్తే, ఈసారి నేరుగా దాని పనే కదా అని ఫోన్‌కు పంపినాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు పొద్దున బస్టాండులో కనపడింది. చేతిలో బ్యాగు, మొహానికి గుడ్డ మాస్కు.

"చదివినావా?" అన్నాను.

"చదివినా మేడమ్. వయసు దాటిపోయింది నాకు, ఆర్నెల్లు" అంది. తర్వాత మెల్లగా, "ఇంక పంపద్దు మేడమ్. మీరు పంపినప్పుడల్లా అమ్మ మంచంలో లేచి కూచుంటాది, సీటొచ్చిందా అని" అంది.

గిద్దలూరు బస్సు వచ్చింది. సీటు లేదు. కడ్డీ పట్టుకుని నిలబడింది. నేను చెయ్యి ఊపినాను. అటు చూడలేదు.