నాలుగు చుట్లు

నిన్న ఘాట్ రోడ్డు దిగుతుంటే ముందు పోతున్న లారీ నుంచి కాలిన బ్రేకు వాసన వచ్చింది. నాకు పదేళ్లప్పటి మాట గుర్తొచ్చింది.

మా నాన్న తన పాత అంబాసిడర్‌కు వెనక డిస్కు బ్రేకులు వేయించి, వాటికి సరిపడే హ్యాండ్ బ్రేకు కేబుళ్లు తనే బిగించాడు. అరకు జీపు డ్రైవర్లు నవ్వారు.

"ఏ కేబులేసినా ఘాట్లో సక్రం కింద రాయెట్టాల్సిందే బావా."

"రేపు రాయి లేకుండా డౌన్లో ఆపుతాను, సూడండి," అన్నాడు నాన్న.

నాకు కేబుల్ వదులుగా కనిపించింది. నాన్న ఓడిపోకూడదని, ఆ రాత్రి ఎవరూ చూడకుండా కేబుల్ నట్టు ఇంకో నాలుగు చుట్లు బిగించాను.

మర్నాడు రాయి లేకుండానే కారు డౌన్లో నిలబడింది. డ్రైవర్లు మెచ్చుకున్నారు. కానీ బ్రేకు తీసి కొంత దూరం పోయేసరికి వెనక చక్రాలు పొగలు కక్కాయి. కేబుల్ పట్టు వదల్లేదు.

"నట్టు ముట్టావేట్రా?" అని అడిగాడు నాన్న.

"నానేటీ ముట్టలేదు. నువ్వే సరిగ్గా బిగించలేదు," అన్నాను, నాన్న కళ్లలోకి చూస్తూ.

నాన్న డ్రైవర్ల దగ్గరికి వెళ్లి, "నా కొలతే తప్పింది," అన్నాడు. వాళ్లు నవ్వుతుంటే నేను పక్కనే తలెత్తుకుని నిలబడ్డాను.

చక్రం తిరగాలంటే కేబుల్‌కు ఆ కాస్త వదులు ఉండాలని తెలియకపోవడం పిల్లతనం. ఆ నవ్వుల మధ్య నోరు విప్పకపోవడం మాత్రం పిల్లతనం కాదు.