బ్రేకులు లేని బండి నడిపినాయన

పోయిన నెల ఒక పెళ్ళికని మెల్‌బోర్న్ నుంచి సిడ్నీ వెళ్ళినప్పుడు, మసాలాలు కొనడానికి పెండిల్ హిల్ అనే పేటలో ఆగి, పాతికేళ్ళ కింద మేము అద్దెకున్న ఇల్లు చూద్దామని నేనూ మా ఆవిడా ఆ వీధిలోకి నడిచాము. ఇల్లు లేదు, ఆ జాగాలో మూడంతస్తుల ఫ్లాట్లు లేచాయి. మా ఆవిడ, పాపం ఆ పెద్దావిడ, అంది. ఆ మాటతో నాకు అంతా గుర్తుకొచ్చింది.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ కుప్పకూలుతాయని అందరూ భయపడిన రోజులవి. కర్నూలు దాటి పెద్దగా ఎరగని నాలాంటివాడు కూడా ఆరు నెలలు కోబాల్ అనే పాత కంప్యూటరు భాష నేర్చుకుని విమానం ఎక్కేశాడు. ఆ ఇంట్లో వెనక గది మాది, వంటిల్లు మాత్రం ఇంటివాళ్ళతో కలిపి. ఇంటాయన డెబ్బై అయిదేళ్ళ ఇంగ్లీషాయన, ఎడమ మోకాలు వంగదు. ఆయన భార్యకు మతిమరుపు జబ్బు, నిన్నటిది గుర్తుండదు, యాభై ఏళ్ళ కిందటిది నిన్నటిలా ఉండేది.

ఆదివారాలు గిన్నెలు తుడుస్తూ ఆయన తన పందేల సంగతులు చెప్పేవాడు. యుద్ధంలో సైన్యానికి మోటారుసైకిలు మీద జాబులు మోసి, యుద్ధం ముగిశాక వేరే ఏ పనీ రుచించక స్పీడ్‌వే పందేల్లో చేరాడట. గుండ్రటి బాట మీద కాలిన బొగ్గుపొడి పరిచి ఉంటుంది, నలుగురు నాలుగు చుట్లు తిరగాలి, బళ్ళకు బ్రేకులు ఉండవు. రొట్టెకు కూడా రేషను ఉన్న ఆ కాలంలో జనం వేలకు వేలు వచ్చి గ్యాలరీల్లో నిలబడేవారట. ఇంగ్లండులో చలికాలం రాగానే ఓడెక్కి ఇక్కడి ఎండాకాలపు పందేలకు వచ్చేవాడు. ఒక ఏడు భార్యను, తాను చేతులారా బండి నేర్పిన బావమరిదిని కూడా వెంటబెట్టుకు వచ్చాడు. ఆ ఏడే, ఇక్కడి పందెంలోనే, ముందు పోతున్న బావమరిది పడ్డాడు. ముందువాడు పడితే వెనకవాడు తన బండిని కూడా పడేసి ఆపుకోవాలి, అది ఆ పందేల ధర్మం. టైము చాలలేదని, బండి వాడి మీదికే పోయి వాడు అక్కడే పోయాడని మాతో చెప్పాడు. మరుసటి వారమే మళ్ళీ పందేనికి దిగాడు, ఇంకో మూడేళ్ళు తిరిగి, మోకాలు విరిగాక మానేసి, బస్సుల డిపోలో మెకానిక్కుగా రిటైరయ్యాడు. ఇంగ్లండు మళ్ళీ పోలేదు, తమ్ముడి సమాధి ఉన్న ఊరు వదిలి ఆమె రానందట.

సాయంత్రం అయ్యేసరికి పెద్దావిడ, మా తమ్ముడు వచ్చాడా, అని అడిగేది. మొదట్లో తమ్ముడు పోయాడని ఆయన చెబితే, ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడ్చేదట. అందుకని, వస్తాడు, ఒళ్ళంతా బొగ్గుపొడి కదా, కడుక్కుంటున్నాడు, అనడం అలవాటు చేసుకున్నాడు.

మేము అక్కడున్న ఏడు రంజాను డిసెంబరులో వచ్చింది. ఇక్కడ ఎండాకాలం, పొద్దు ఎనిమిది దాటితే గానీ కుంకదు. ఒక సాయంత్రం మేము ఉపవాసం విడిచాక మా ఆవిడ ఆమెకు గంజి తాగిస్తుంటే, మామూలుగానే తమ్ముణ్ణి అడిగింది. ఆయన కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"వాడు రాడు. టైము చాలలేదని నీతో అన్నాను కదా, అబద్ధం. బండి పడేయడానికి టైము ఉంది. రెండో స్థానం పోతుందని పడేయలేదు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"నేను గ్యాలరీలోనే ఉన్నాను. చూశాను," అంది.

గంజి ఇంకొంచెం కావాలని మా ఆవిడకు సైగ చేసింది. ఆయన గోడ పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళు ఆమె తెలిసే కాపురం చేసిందా, ఆ పూట నోటికొచ్చింది అన్నదా, మాకెలా తెలుస్తుంది?

మర్నాడు పొద్దు వాలగానే ఆమె తలుపు వైపు చూస్తూ, మా తమ్ముడు వచ్చాడా, అంది.

ఆయన నా వైపు తిరిగి, "మళ్ళీ చెప్పాలా, మేట్?" అన్నాడు. నేను ఖర్జూరాల పళ్ళెం సర్దడంలో పడ్డాను. కడుక్కుంటున్నాడు, వచ్చేస్తాడు, అని ఆయనే ఆమె భుజం మీద శాలువా సర్దాడు.

కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ కూలలేదు, మా పని మాత్రం అయిపోయింది. ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ వచ్చేశాము. ఆమెను వృద్ధుల ఆశ్రమంలో చేర్చానని, ఒక ఆదివారం రమ్మని ఆయన ఫోను చేశాడు. వస్తానన్నాను. ఆ తరువాత ఐటీ పడిపోయింది, నాకు ఏడు నెలలు ఉద్యోగం లేదు, ఆ మధ్యలోనే అమ్మాయి పుట్టింది. నేను ఫోను చేసేనాటికి ఎత్తేవాళ్ళు లేరు. చలికాలంలో ఆమె పోయిందని, నెల తిరక్కుండా ఆయన కూడా పోయాడని, మూడు రోజులకు గానీ ఎవరికీ తెలియలేదని ఆ తరువాత పక్కింటివాళ్ళు చెప్పారు.

ఈమధ్య మా అమ్మాయి ఫోనులో ఆనాటి పందేల పాత ఫిల్ము ఒకటి వెతికి పెట్టింది. నలుగురు దుమ్ములో తిరుగుతున్నారు, అందరి మొహాలూ నల్లగానే ఉన్నాయి. వీళ్ళలో మీ అంకుల్ ఎవరని అడిగింది. ఇప్పుడు కూర్చున్నచోటే అన్నీ కనబడతాయి. అప్పుడు ఒక్క రాత్రి బస్సులో కూర్చుని ఉంటే పొద్దున్నే ఆయన గుమ్మంలో దిగి ఉండేవాణ్ణి, వెళ్ళలేదు.