లారీకి చెరోపక్క

మండపేటలో రైసుమిల్లుల దారిన వెళ్తుంటే లారీల మీద లావుగా, ముందుకు వాలిన అక్షరాలు కనిపిస్తాయి. తోకలుండవు, నగిషీలుండవు. గీత మొదట ఎంత లావో చివరా అంతే. అవి జయపాల్ అక్షరాలు. స్టిక్కర్లు వచ్చాక కూడా లారీ ఓనర్లు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చేవారు.

"సన్నంగా, వయ్యారంగా రాస్తే పెళ్లికార్డుకి బాగుంటుందండి. బండి మీదది దుమ్ములో కూడా కనపడాలి. వాలకపోతే బండి ఆగిపోయినట్టుంటుంది" అనేవాడు.

ఆయనకో పట్టింపు ఉండేది. లారీ కుడిపక్క అక్షరాలను కుడికి వాల్చేవాడు, ఎడమపక్కవి ఎడమకి. అప్పుడే రెండుపక్కలా అక్షరాలు బండి వెళ్లే దిక్కుకే వంగుతాయి.

మొన్నటేడు వానాకాలంలో స్టూలు మీంచి జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఆ చెయ్యి అన్నం తినడానికి పనికొచ్చింది గానీ, కుంచె పట్టుకుంటే వేళ్లు వణికేవి. ఊరికే కూర్చోలేక పెరటి గోడ మీద ఎడమచేత్తో సాధన మొదలుపెట్టాడు. మందం కుదిరింది, గుండ్రం కుదిరింది. కానీ ఎంత తంటాలు పడినా ప్రతి అక్షరం ఎడమకే వాలేది.

తర్వాత వచ్చిన మొదటి లారీ అచ్చిబాబుది. జయపాల్ రెండుపక్కలా ఎడమచేత్తోనే రాశాడు. అచ్చిబాబు ఎడమపక్క చూసి మురిసిపోయాడు. కుడిపక్కకి వచ్చి తల గోక్కున్నాడు.

"ఏంటి జయపాల్ గారూ, ఇటునుంచి చూస్తే బండి రివర్స్‌లో పోతున్నట్టుందండీ!"

ఆ పూట జయపాల్ అన్నం ముట్టలేదు. భార్య ప్రిస్కిల్లా కాసేపు చూసి, "ఆ పక్క నేను రాస్తాలెండి" అంది. చర్చి బోర్డు మీద ఆదివారం వాక్యం రాసేది ఆవిడే.

"నీ అక్షరాలు మరీ బుద్ధిగా నిలబడతాయి కదా!"

"అయితే వాల్చడం నేర్పండి."

మర్నాడు కుడిపక్క రంగు చెరిపేసి ఆవిడ కుంచె పట్టింది. ఆయన వెనకాల నిలబడ్డాడు.

"ఇంకాస్త వాల్చు. గాలికి వరిచేను వంగుతుంది చూడు, అలాగ. పడిపోకూడదు."

"పడితే పట్టుకోడానికి మీరున్నారుగా."

చెరిపి రాసి, చెరిపి రాసి, పొద్దువాలేసరికి కుదిర్చింది. అచ్చిబాబు లారీ చుట్టూ తిరిగొచ్చాడు.

"ఏది ఎవరు రాశారో తెలీట్లేదండీ!"

"తెలియాలి కదండీ మరి" అంటూ ప్రిస్కిల్లా తను రాసిన పక్క, అడుగున, చిన్నగా తన పేరు రాసుకుంది. రాస్తున్నంతసేపూ జయపాల్ రంగుడబ్బా కదలకుండా పట్టుకున్నాడు.

ఇప్పుడు ఏ లారీ వచ్చినా చెరోపక్కా కూర్చుంటారు. పని జరుగుతున్నంతసేపూ ఒకరికొకరు కనిపించరు. మాటలు మాత్రం బండి కిందనుంచి అటూ ఇటూ పోతూనే ఉంటాయి.